నెత్తుటిలో దాగిన అలసట: దానిని కొలిచినవారి కథ

జుబైల్‌లో రాత్రి డ్యూటీ బస్సులు మన సాయంకాలపు తెలుగు తరగతి ముగిసే వేళకే వస్తాయి. పిల్లలు పుస్తకాలు సర్దుకుంటూ ఉండగా వారి తండ్రులు సంచులు భుజాన వేసుకొని బస్సు ఎక్కుతారు. తెల్లవారి తిరిగి వచ్చి, కిటికీకి నల్లగుడ్డ కట్టి పడుకుంటారు. వీధిలో పిల్లలు బంతి ఆడితే తల్లులు కసురుకుంటారు. ఇది మనందరి ఇళ్లలోనూ ఉన్న సంగతే.

ఈ ఉత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యవర్గంవారు మమ్మల్ని అడిగినప్పుడు, కృష్ణదేవరాయల గురించో కోరంగి రేవు గురించో వ్రాస్తామని అనుకొని ఉంటారు. మేము మాత్రం ఒక రక్తపరీక్ష కాగితం గురించి వ్రాస్తున్నాము. మా తాతగారు మలయా రబ్బరు తోటలకు పోయినవారు. మేము మూడవ తరంవారము, తెలుగు నేర్చినది సాయంకాలపు బడిలో. కనుక మా వాక్యాలు అక్కడక్కడ తడబడితే పెద్దలు మన్నించగలరు. విషయం మాత్రం తడబడకుండా చెప్పగలమని అనుకుంటున్నాము, ఎందుకంటే ముప్పై ఏళ్లకు పైగా విజ్ఞానశాస్త్రం బోధించి బ్రతికినవారము.

మా వీధిలో ఒక తమ్ముడు ఉన్నాడు. కరీంనగర్ వైపువాడు. ప్లాంటులో షట్‌డౌన్ పని వచ్చి మూడు వారాలు వరుసగా రాత్రి డ్యూటీ చేశాడు. నీరసము, కళ్లు తిరగడము, అన్నం సయించకపోవడము. ఒకనాడు డ్యూటీ దిగి, ఇంటికి కూడా రాకుండా, ఉదయం ఏడున్నరకు ఒక వైద్యశాలలో రక్తం ఇచ్చాడు. మర్నాడు వచ్చిన కాగితంలో కార్టిసాల్ అనే దాని ఎదుట డెసీలీటరుకు 4 మైక్రోగ్రాములు అని ఉన్నది. దాని ప్రక్కన ఉండవలసిన హద్దు 5 నుండి 25 వరకు అని అచ్చు వేసి ఉన్నది. అక్కడివారు మూత్రపిండాల మీది గ్రంథి పని చేయడం లేదేమో, పెద్ద పరీక్షలు కావాలి అన్నారట. ఆ కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

“సార్, ఇదేందో నాకు సమజైతలేదు. కంపెనీల తెలిస్తే ఇంటికి పంపుతరేమో. చెల్లె పెండ్లి అప్పు ఇంక సగం గూడ తీరలె” అన్నాడు. భార్యకు ఫోను చేయలేదట. ఆమెకు చెప్పి ఏడిపించడం ఎందుకని.

ఆ కాగితంలోని అంకె ఎక్కడి నుండి వచ్చినది, దానిని కొలవడం మనుష్యులు ఎట్లా నేర్చుకున్నారు అనేదే ఈ వ్యాసము. కొంచెం దూరం పోయి తిరిగి జుబైల్‌కు వద్దాము.

మన రెండు మూత్రపిండాల మీద టోపీల వలె రెండు చిన్న గ్రంథులు ఉన్నవి. అవి చెడిపోతే మనిషి నీరసించి, చర్మం నల్లబడి చనిపోతాడని 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ వ్రాశాడు. ఆ గ్రంథుల లోపలి భాగం నుండి వచ్చే రసం రక్తపోటును ఒక్కసారిగా పెంచుతుందని 1894లో ఆలివర్, షాఫర్ అనే ఇద్దరు ఆంగ్లేయులు చూపారు. 1901 నాటికి జపాను దేశస్థుడైన జోకిచి తకమినె అమెరికాలో ఆ రసాన్ని స్ఫటికాలుగా తీసి అడ్రినలిన్ అని పేరు పెట్టాడు. భయం వేసినప్పుడు గుండె దడదడలాడేది దీని వల్లనే.

పేరు వచ్చింది, స్ఫటికం వచ్చింది. కాని బ్రతికి ఉన్న ప్రాణి నెత్తుటిలో అది ఎంత ఉన్నదో చెప్పడం ఎట్లా? ఇక్కడే కథ మాకు చాలా ఇష్టమైనది. అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో వాల్టర్ కానన్ అనే ఆచార్యుడు 1911లో ఒక పని చేశాడు. నెమ్మదిగా ఉన్న పిల్లి రక్తం కొంత తీశాడు. తరువాత దాని ఎదుట ఒక కుక్కను మొరిగించి, బెదిరిన పిల్లి రక్తం మరికొంత తీశాడు. కొలిచే పరికరం ఏమిటంటే, మరొక పిల్లి ప్రేగు నుండి కోసిన సన్నని కండపీలిక. అది వెచ్చని ద్రవంలో తనంతట తాను ముడుచుకుంటూ సాగుతూ ఉంటుంది. నెమ్మదిగా ఉన్న పిల్లి రక్తం పోస్తే దాని ఆట ఆగలేదు. బెదిరిన పిల్లి రక్తం పోస్తే పీలిక వాలిపోయి ఊరుకున్నది. భయం రక్తంలోకి దిగుతుందని చూపిన మొదటి సాక్షి ఒక ప్రేగు ముక్క! నేడు బయోసెన్సర్ అని గొప్పగా పిలుచుకుంటున్న దానికి అది ముత్తాత వంటిది. ప్రాణంలో నుండి తీసిన ఒక వస్తువు దేనినో గుర్తుపట్టాలి, ఆ గుర్తింపు మన కంటికి కనబడే కదలికగానో అంకెగానో మారాలి. బయోసెన్సర్ అంటే ఇంతే.

ఆ హార్వర్డ్ కళాశాలకే 1922 అక్టోబరులో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చేరారు. అప్పటికి ఆయన వయస్సు 27. చేతిలో డబ్బు లేదు. చదువుకుంటూనే రాత్రులు ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసి, రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి పొట్ట పోసుకున్నారు. మన రాత్రి డ్యూటీ బస్సు ఎక్కేవారు ఈ ఒక్క మాటను గుర్తుంచుకుంటే మాకు సంతోషము. తరువాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని ప్రయోగశాలలో పని చేసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. ద్రవంలో మందు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. చూడడానికి పిల్లల ఆట వలె ఉంటుంది. కాని ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాల పాటు వాడుకున్నవి.

సుబ్బారావు గారు ఒత్తిడి హార్మోనులను కొలిచినారని మేము అనడం లేదు. మన సంచికలలో మనవారిని అన్నింటికీ ఆద్యులను చేసే అలవాటు ఒకటి ఉన్నది, దానికి మేము ఒప్పుకోము. మేము చెప్పదలచినది వేరు. ఆ రంగు పద్ధతితో కొలుస్తూ ఉండగా కండరాలలో ఫాస్ఫరస్ లెక్క సరిపోలేదు. ఆ తేడా వెంట పోయి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే కొత్త పదార్థాన్ని బయటికి తీశారు. కండకు శక్తినిచ్చే వస్తువు అది. మంచి కొలత చేతికి వచ్చినందువల్లనే అంతవరకు ఎవరికీ కనబడనిది వారికి కనబడినది. అలసట అనే మాటకు శరీరంలో ఒక చిరునామా ఉన్నదని తెలిసినది ఆ కాలంలోనే.

ఒత్తిడి అనే మాటను వైద్యంలోకి తెచ్చిన హాన్స్ సెల్యే 1936లో మాంట్రియల్ నుండి ఒక చిన్న లేఖను నేచర్ పత్రికలో అచ్చు వేయించాడు. ఎలుకలను చలిలో పెట్టినా, గాయపరచినా, అతిగా పరుగెత్తించినా, విషం ఎక్కించినా వాటి శరీరంలో ఒకే రకమైన మార్పులు కనబడినవి: ఆ టోపీ గ్రంథులు ఉబ్బినవి, కడుపులో పుండ్లు పడినవి. గ్రంథి పైపొర నుండి వచ్చే హార్మోనులను విడదీసి, కీళ్లవాతానికి వాడి చూపినందుకు కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అనే ముగ్గురికి 1950లో నోబెల్ బహుమానం వచ్చినది. ఆ పైపొర హార్మోనులలో ముఖ్యమైనదే కార్టిసాల్, మన తమ్ముని కాగితంలో ఉన్నది.

ఇప్పుడు కష్టం ఎక్కడ ఉన్నదో చూడండి. ఒక లీటరు నెత్తుటిలో చక్కెర సుమారు ఒక గ్రాము ఉంటుంది. కార్టిసాల్ ఉదయం వేళ అందులో పదివేలవ వంతు. అడ్రినలిన్ నెమ్మదిగా కూర్చున్న మనిషిలో గ్రాములో రెండు కోట్లవ వంతు. తరగతిలో పిల్లలకు మేము ఇట్లా చెబుతాము: ఒక పంచదార పలుకును చిన్న బిందెడు నీటిలో కరిగిస్తే కార్టిసాల్ పలుచన, అదే పలుకును 12,000 లీటర్ల నీళ్ల ట్యాంకరులో కరిగిస్తే అడ్రినలిన్ పలుచన. ఆ ట్యాంకరు నుండి ఒక్క చెమ్చా నీరు తీసి, ఇందులో పంచదార ఎంత అని అడిగితే ఎవరు చెప్పగలరు? రంగు పద్ధతి చాలదు. ప్రేగు పీలిక చెప్పగలదు గాని ప్రతి ఆసుపత్రిలో పిల్లిని కోయలేరు.

దారి చూపినవారు న్యూయార్క్‌లోని బ్రాంక్స్ సైనిక ఆసుపత్రిలో పని చేసిన రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్. శరీరం రోగక్రిమి మీద తయారుచేసే ప్రతిరక్షకం అనే పదార్థం తన శత్రువును తప్ప మరొకదానిని పట్టుకోదు. దానిని కొలతకు వాడుకోవచ్చునని, రేడియోధార్మిక గుర్తుతో లెక్కించవచ్చునని వారు 1959, 1960లలో ఇన్సులిన్ విషయంలో చూపారు. యాలోకు 1977లో నోబెల్ వచ్చినది. బెర్సన్ అప్పటికే 1972లో పోయాడు. తరువాత పెక్కు హార్మోనులకు ఇదే దారి అయినది. ఐతే దీనికి రేడియోధార్మిక పదార్థం, పెద్ద యంత్రం, గంటల సమయం, తర్ఫీదు పొందిన మనిషి కావాలి. నేటి ఆసుపత్రులలో చాలావరకు రేడియోధార్మికం పోయి, వెలుగు చిమ్మే గుర్తు వచ్చినది. యంత్రం మాత్రం పెద్దదే.

కథలోకి విద్యుత్తు రెండవ వైపు నుండి వచ్చినది. సుబ్బారావు గారు బాస్టన్‌లో దిగిన 1922లోనే, ఫిబ్రవరి 10న, ప్రాగ్ నగరంలో యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ పాదరసాన్ని చుక్కలు చుక్కలుగా ఒక ద్రవంలోకి జార్చి, దాని గుండా విద్యుత్తు పంపి చూశాడు. వోల్టేజీ కొంచెం కొంచెం పెంచుతూ పోతే ద్రవంలో కరిగి ఉన్న ఒక్కొక్క వస్తువు తన సొంత వోల్టేజీ దగ్గర ఎలక్ట్రానులను ఇచ్చిపుచ్చుకుంటుంది. అప్పుడు తీగలో విద్యుత్తు ఎగసిపడుతుంది. ఏ వోల్టేజీ దగ్గర ఎగసినదో చూస్తే అది ఏ వస్తువో తెలుస్తుంది, ఎంత ఎగసినదో చూస్తే ఎంత ఉన్నదో తెలుస్తుంది. ఒకే చూపులో పేరు, తూకము! ఆయనకు 1959లో నోబెల్ ఇచ్చారు.

అడ్రినలిన్ ఇట్లా ఎలక్ట్రానులను సులభంగా విడిచే జాతిది, ఒక్కొక్క అణువు రెండేసి ఇస్తుంది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఆడమ్స్ 1958లో పాదరసాన్ని వదలి, బొగ్గు పొడిని నూనె వంటి ద్రవంతో ముద్ద చేసి ఎలక్ట్రోడుగా వాడాడు. 1973 నాటికి ఆయన బృందం అటువంటి చిన్న ఎలక్ట్రోడును ఎలుక మెదడులో పెట్టి అడ్రినలిన్ జాతి పదార్థాల జాడ చూచినది. ఐతే పని సులభం కాలేదు. నెత్తుటిలో విటమిన్ సి ఉన్నది, యూరిక్ ఆమ్లం ఉన్నది. అవి కూడా ఇంచుమించు అదే వోల్టేజీ దగ్గర ఎలక్ట్రానులను ఇస్తాయి. విటమిన్ సి ఒక్కటే అడ్రినలిన్ కంటె లక్ష రెట్లకు మించి ఉంటుంది. జాతరలో తప్పిపోయిన పిల్లవాని గొంతు వినడం ఎంత కష్టమో, ఇది అంత కష్టము. అందుకని నేటికీ పరిశోధకులు చేసే పని చాలావరకు, ఎలక్ట్రోడు మీద ఏదో ఒక పూత పూసి, అవసరం లేని గొంతులను దూరం నెట్టడమే.

కార్టిసాల్ సంగతి వేరు. అది ఎలక్ట్రానులను అంత తేలికగా విడవదు. కనుక యాలో, బెర్సన్‌ల ప్రతిరక్షకాన్ని తెచ్చి ఎలక్ట్రోడు మీద అతికించారు. దీనిని డ్యూటీ బస్సుతో పోల్చి చెబుతాము. బస్సులో సీట్లు ప్రతిరక్షకాలు. నెత్తుటిలోని కార్టిసాల్ అణువులు మామూలు ప్రయాణికులు. వీరితో పాటు, విద్యుత్తు పుట్టించే గుర్తు కట్టిన కొందరు కార్టిసాల్ ప్రయాణికులను లెక్కపెట్టి మనమే పంపుతాము. సీట్లకై పోటీ పడతారు. నెత్తుటిలో కార్టిసాల్ ఎక్కువ ఉంటే గుర్తు కట్టినవారికి సీట్లు తక్కువ దొరుకుతాయి, విద్యుత్తు తగ్గుతుంది. తక్కువ ఉంటే విద్యుత్తు పెరుగుతుంది. అంతా తలక్రిందులుగా చదువుకోవాలి, అంతే.

ఎలక్ట్రోడుతో ప్రాణ పదార్థాన్ని జతకట్టే ఈ ఆలోచనకు పెద్దదిక్కు లేలండ్ క్లార్క్. 1962లో చక్కెరను గుర్తుపట్టే ఎంజైమును ఆక్సిజన్ ఎలక్ట్రోడు మీద నిలిపే ఉపాయం చెప్పాడు. 1987లో పెన్ను అంత మీటరు, చిన్న పట్టీ సంతలోకి వచ్చినవి. వేలి చివర పొడిచి చక్కెర చూసుకునే ఆ పట్టీ మన ఇళ్లలో దాదాపు ప్రతి గూటిలోనూ ఉన్నది గదా! అది బయోసెన్సరే. కార్టిసాల్‌కు అటువంటి పట్టీ మాత్రం ఇంకా సామాన్యుల చేతికి రాలేదు. పదివేల రెట్ల తేడా అని ఇంతకు ముందు చెప్పినది ఇందుకే.

ఈ పని ఎక్కడో దూరదేశాలలోనే జరుగుతున్నదని అనుకోవద్దు. జుబైల్ నుండి సుమారు 100 కిలోమీటర్లు పోతే ధహ్రాన్‌లో కింగ్ ఫహద్ పెట్రోలియం, ఖనిజ విశ్వవిద్యాలయం ఉన్నది. 1963లో కళాశాలగా పుట్టి, 1975లో విశ్వవిద్యాలయమై, 1986లో రాజుగారి పేరు పెట్టుకున్నది. అక్కడ అబ్దెల్ నాసర్ కౌడే అనే రసాయన శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు 2010 తరువాతి సంవత్సరాలలో పెన్సిల్‌తో ఎలక్ట్రోడులు చేశారు. అవును, పిల్లలు వ్రాసుకునే పెన్సిల్‌లోని నల్లని ములుకే. అది గ్రాఫైటు, బంకమన్ను కలిసిన వస్తువు. దాని మీద గ్రాఫీన్, బంగారు నలుసులు వంటి పూతలు పూసి, డోపమైన్ మొదలైన పదార్థాలను పసిగట్టేటట్లు చేశారు. శరీరం డోపమైన్ నుండి నారడ్రినలిన్‌ను, దాని నుండి అడ్రినలిన్‌ను తయారుచేస్తుంది, కనుక డోపమైన్ వీటికి తల్లి వరుస. ములుకు చవక, వాడి పారవేయవచ్చు, ఏ బడి ప్రక్క దుకాణంలోనైనా దొరుకుతుంది. నలభై ఏళ్లుగా సుద్దముక్కతోనూ పెన్సిల్‌తోనూ బ్రతుకుతున్న మాకు ఈ వార్త చదివిన నాడు ఎంత గర్వం వేసినదో చెప్పలేము. మన వైపు చూస్తే, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు రసాయన శాఖలోనూ ఆడమ్స్ నాటి బొగ్గుముద్ద ఎలక్ట్రోడునే మెరుగుపరచి, డోపమైన్ వంటి పదార్థాలను కొలిచే పరిశోధన ఏళ్ల తరబడి సాగినది.

ఇక జుబైల్‌కు వద్దాము. చేపలు పట్టుకుంటూ, ముత్యాలకై సముద్రంలో మునుగుతూ బ్రతికిన చిన్న రేవు ఇది. 1975లో రాయల్ కమిషన్ ఏర్పడిన తరువాత కర్మాగారాల నగరమైనది. కర్మాగారానికి రాత్రి లేదు. సూర్యుడు దిగినా కొలిమి ఆరదు. కాని కార్టిసాల్‌కు రాత్రి ఉన్నది. మనిషి నిద్ర లేచే వేళకు అది శిఖరం మీద ఉంటుంది, సాయంత్రానికి సగానికి దిగుతుంది, అర్ధరాత్రి అట్టడుగున ఉంటుంది. ఈ తాళం పగలు పని చేసి రాత్రి నిద్రపోయేవానిది. వారాల తరబడి రాత్రి మేలుకొని పగలు పడుకునేవానికి ఈ తాళం మెల్లగా జరుగుతుంది, ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా, కొందరికి జరగనే జరగదు. జెడ్డాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయంవారు రంజాను మాసంలో ఆరోగ్యవంతులైన యువకులకు ఉదయం, రాత్రి రక్తం తీసి చూశారు. 2013లో వారు ప్రకటించిన ఫలితాలలో, రాత్రి తగ్గవలసిన కార్టిసాల్ తగ్గకుండా నిలిచి, ఉదయానికీ రాత్రికీ తేడా పోయినట్లు కనబడినది. రంజానులో ఈ దేశమంతా రాత్రి మేలుకొంటుంది, వేళలన్నీ మారతాయి. శరీరం కూడా వాటి వెంట పోయినదన్న మాట.

ఈ మాట తెలిసిన తరువాత మన తమ్ముని కాగితం మరొక విధంగా కనబడుతుంది. ఉదయం ఏడున్నర గోడ గడియారానికి ఉదయము, అతని శరీరానికి అది పడుకునే వేళ. కాగితం మీద రక్తం తీసిన సమయం ఉన్నది. అతడు ఎప్పుడు నిద్ర లేచాడో వ్రాసే చోటు లేదు. హద్దు మాత్రం పగటి మనిషి హద్దు. తప్పు యంత్రానిది కాదు. యంత్రం చెప్పిన 4 నిజంగా నాలుగే అయి ఉండవచ్చు. ఆ నాలుగును ఎవరితో పోల్చాలి అన్నదే ఎవరూ అడగలేదు.

మేము అతనిని మరొక వైద్యుని దగ్గరకు తీసుకుపోయాము. ఆయన కాగితం చూచి మొదట అడిగిన మాట, “నిద్ర ఎప్పుడు లేచావు?” అని. రెండవది, “కీళ్లనొప్పులకో, ఉబ్బసానికో స్టెరాయిడ్ మాత్రలు ఏమైనా మింగుతున్నావా?” అని. ఈ రెండవ మాట కూడా మనవారు గమనించాలి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి మాత్రలు చాలాకాలం మింగితే మన గ్రంథి నిద్రపోతుంది. డాక్టరుకు చెప్పకుండా వాటిని ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చును. తమ్ముడు అటువంటివి మింగలేదు. పగటి డ్యూటీకి మారి రెండు వారాలు గడచిన తరువాత, లేచిన గంటలోపల రక్తం ఇమ్మని ఆ వైద్యుడు చెప్పాడు.

ఈ మధ్య కొత్త వార్తలు వస్తున్నవి. చెమటలో కార్టిసాల్ పసిగట్టే పట్టీని 2018లో స్టాన్‌ఫర్డ్‌వారు, గ్రాఫీన్ పరికరాన్ని 2020లో కాల్‌టెక్‌వారు, చేతి గడియారంలో ఇమిడే దానిని 2022లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు ప్రకటించారు. రక్తంలో కార్టిసాల్ ఎక్కువ భాగం ఒక ప్రొటీనుకు అంటుకొని ఉంటుంది, విడిగా తిరిగేది నూటికి ఐదు పాళ్లు మాత్రమే. చెమటలోకీ లాలాజలంలోకీ వచ్చేది ఆ విడిపాలే. సూది గుచ్చకుండా రోజంతా, గంట గంటకూ తాళం కనబడితే మన తమ్మునికి జరిగిన పొరపాటు జరగదు. ఒక్క అంకెకు బదులు ఒక గీత వస్తుంది. ఆ వైపు నుండి చూస్తే మాకు ఎంతో ఆశ. సూదితోనైతే మరొక చిక్కు కూడా ఉన్నది. అడ్రినలిన్ రెండు మూడు నిమిషాలలోనే సగానికి పడిపోతుంది, సూదిని చూచి భయపడినా పెరుగుతుంది. అందుకనే సరిగా చేసే చోట ముందుగా నరంలో చిన్న గొట్టం పెట్టి, మనిషిని అరగంట పడుకోబెట్టి, తరువాత రక్తం తీస్తారు.

రెండవ వైపు నుండి చూస్తే మాకు భయము. ఆ గడియారం ఎవరి చేతికి ఉంటుంది, దాని గీత ఎవరి బల్ల మీదికి పోతుంది? ఇది అడగడానికి మాకు ఒక ఇంటి కారణం ఉన్నది.

మా తాతగారి తోటలో తెల్లవారకముందే మస్టరు. నిలబడగలిగినవాడు పనివాడు, నిలబడలేనివాడు సోమరి. కంగాణి చేతిలోని పుస్తకమే కొలత. 1942లో జపానువారు వచ్చిన తరువాత తోటల నుండి తమిళులనూ తెలుగువారినీ వేలకొద్దీ సయాం-బర్మా రైలు దారి పనికి తీసుకుపోయారు. తాతగారు, ఆయన తమ్ముడు ఇద్దరూ పోయారు, ఒక్కరే తిరిగి వచ్చారు. తరువాత తాతగారు లారీ చప్పుడు వింటే చాలు, అన్నం ముద్ద విస్తట్లో వదలి లేచి నిలబడేవారట. పనిలో మందకొడి అని ఆయన కూలి తగ్గించారు. మా నాయనగారు ఈ మాట చెప్పేటప్పుడు తల వంచుకొనేవారు, తండ్రి పిరికివాడైనందుకు తాను సిగ్గుపడవలసినట్లు.

1986లో అమెరికాలో జాన్ మేసన్ బృందం వియత్నాం యుద్ధం నుండి తిరిగి వచ్చి, ఆ భయం వదలని సైనికుల మూత్రంలో కార్టిసాల్ కొలిచింది. ఎక్కువ ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. వారు చూచినది తక్కువ! తరువాత వచ్చిన పరిశోధనలలో కొన్ని దీనితో ఏకీభవించినవి, కొన్ని ఏకీభవించలేదు. కాని ఇంతమాత్రం తేలినది: ఎక్కువ అంకె అంటే ఎక్కువ కష్టము, తక్కువ అంకె అంటే సుఖము అనే లెక్క నిలవదు. జ్వరంలోనూ పెరుగుతుంది, పరుగులోనూ పెరుగుతుంది. ఎందుకు పెరిగినదో, ఎందుకు తగ్గినదో ఎలక్ట్రోడు చెప్పదు. తాతగారిని ఆనాడు కొలిచి ఉంటే అంకె తక్కువ వచ్చేదేమో, ఈ మనిషికి ఏ ఒత్తిడీ లేదు, సోమరితనమే అని కంగాణి పుస్తకంలో మరింత గట్టిగా వ్రాసేవారేమో! అందుకని, ఆ గీతను మొదట చూడవలసినది దానిని చేతికి కట్టుకున్న మనిషి, అతడు కోరుకున్న వైద్యుడు. కంపెనీ తరువాత, అదీ అతని ఒప్పుదలతోనే. ఈ దేశంలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 వరకు ఎండలో పని చేయించరాదని నిబంధన ఉన్నది. ఒక్కొక్క కూలివాని చెమటను కొలవకుండానే, ఎండను చూచి పెట్టిన నిబంధన అది. రాత్రి డ్యూటీ వరుసగా ఎన్ని వారాలు వేయవచ్చు అన్నదానిని కూడా అట్లాగే తేల్చవచ్చునని మా అభిప్రాయము.

పోయిన నెల తరగతిలో పిల్లలకు ఒక ప్రయోగం చూపాము. రెండు పెన్సిళ్లను రెండు వైపులా చెక్కి, ఉప్పునీళ్ల గ్లాసులో ముంచి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించాము. ములుకుల చివర బుడగలు లేచినవి. తమ్ముని కొడుకు ముక్కు గ్లాసుకు ఆనించి, “మాస్టారూ, ఇది భయాన్ని కూడా కొలుస్తదా?” అని అడిగాడు. ఈ పెన్సిల్ కొలవదు, ధహ్రాన్‌లో దీని అక్కచెల్లెళ్లు నేర్చుకుంటున్నవి అని చెప్పాము. బుడగలలో కొంచెం వాసన వస్తుంది, క్లోరిన్. ఇంట్లో చేసేవారు కిటికీ తెరచి, పెద్దవారి ఎదుట చేయాలి.

తమ్ముని రెండవ కాగితం వచ్చినది. 14 అని ఉన్నది. ఆ రాత్రే ఇంటికి ఫోను చేసి భార్యకు మొదటి కాగితం సంగతి, రెండవ కాగితం సంగతి కలిపి చెప్పాడట. ముందే చెప్పనందుకు ఆమె అరగంట తిట్టిందట. కాగితాలు రెండూ దాచుకున్నాడు. రెండవ దాని అంచున, అచ్చు వేసిన సమయం ప్రక్కన ఖాళీ లేకపోతే, ‘నిద్ర లేచినది ఉదయం 5 గంటలకు, పగటి డ్యూటీ’ అని పెన్సిల్‌తో వ్రాయించాడు. వ్రాసినది మేమే.